ఎడమ వెనక చక్రం

మొన్న కార్తీకమాసంలో ఒక పొద్దున ఖమ్మం బైపాసు మీది టైర్ల షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మా అబ్బాయి కొత్తగా కొన్న పెద్ద పికప్పుకు వెనక చక్రం బోల్టులు ఎన్నిసార్లు బిగించినా వదులైపోతున్నాయని తీసుకొచ్చాం. మా రోజుల్లో ఇద్దరం కలిసి నడుము పట్టుకుని ఎత్తిన చక్రాన్ని ఇప్పుడు ఒక యంత్రం చప్పుడు లేకుండా పైకెత్తి కిందికి దించుతుంటే వింతగా చూస్తున్నాను. అక్కడి ఫిట్టరు ఆ చక్రాన్ని వెనక్కి తిప్పి, బ్రేకు డ్రమ్ముకు ఆనుకునే చోట గోటితో గీకి చూసి, "ఈ రంగు ఎవరేసిన్రు సార్?" అని అడిగాడు. మా అబ్బాయి నా వైపు చూశాడు. మెచ్చుకోబోతున్నాడేమో అనుకుని కాస్త గర్వంగానే, నేనే వేశానని, దసరాకు వేశానని చెప్పాను.

ఆ తర్వాత అతను అన్న నాలుగు మాటలు విని నేను లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మంచినీళ్లు అడిగి, ఆ గ్లాసు తాగకుండా చేతిలోనే పట్టుకుని ఉండిపోయానట. బీపీ పెరిగిందనుకుని మా అబ్బాయి ఆస్పత్రికి పోదామన్నాడు. ఆ మాటలేమిటో ఇప్పుడే చెప్పేయవచ్చు. కానీ మా మామయ్య ఎవరో తెలియకుండా వింటే అవి మీకు టైర్ల షాపు మాటల్లాగే వినిపిస్తాయి. అందుకని ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లక తప్పదు, ఓపిక పట్టండి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన వైపు పికప్పులు కొత్తగా దిగిన రోజులు. అంతకుముందు సరుకు తోలాలంటే లారీ కావాలి, లేదంటే ట్రాక్టరు, లేదంటే జీపు వెనకాల కట్టుకుని పోవాలి. వైరా దగ్గర మా ఊళ్లో మొదటి పికప్పు మాది. మా తాతల కాలంలో కృష్ణాజిల్లా నుంచి కాలవ నీళ్లు చూసుకుని వచ్చి స్థిరపడ్డ వ్యవసాయం మాది. నాకేమో నాగలి కన్నా స్టీరింగు మీదే మోజు. చలికాలం పత్తి, ఎండాకాలం మిరపకాయ ఖమ్మం మార్కెట్టుకు తోలేవాణ్ని. మిగతా రోజుల్లో భద్రాచలం అవతల అడవి ఊళ్ల వారపు సంతలకు ఉల్లిగడ్డలు, ఉప్పు, ఎండుచేపలు, ప్లాస్టిక్ బకెట్లు వేసుకుని పోయేవాణ్ని. బండి తెల్లది. దాని చుట్టూ తిరిగి చూసుకోవడంలోనే నాకు సగం పొద్దు గడిచేది.

ఆ రోడ్లు చూసిన వాళ్లకే తెలుస్తుంది. నడిమధ్యన ఒక బండి పట్టేంత తారు, ఆ తారు అంచు జానెడు ఎత్తు తెగిపోయి, ఎదురుగా బస్సు వస్తే మన ఎడమ చక్రాలు కిందికి దిగి తీరాలి. కంకర రాళ్లు టైరు సందుల్లో ఇరుక్కుని టకటకమంటూ మైళ్ల కొద్దీ వెంట వచ్చేవి. తుమ్మముల్లు దిగిన సంగతి మర్నాడు పొద్దున గాలి పోయాక గానీ తెలిసేది కాదు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించిన రీబటన్ టైర్లయితే వైశాఖం ఎండల్లో ఆ పై రబ్బరు మొత్తం పెనం మీద అట్టులా లేచొచ్చేది. స్టెప్నీ లేకుండా పాల్వంచ దాటినవాణ్ని మొండివాడని అనేవాళ్లు. ఇవన్నీ కష్టాలే, కానీ అర్థమయ్యే కష్టాలు. ముల్లు కనిపిస్తుంది, రాయి కనిపిస్తుంది, పగిలిన టైరు పగిలినట్టే కనిపిస్తుంది. నన్ను ఏళ్ల తరబడి తికమక పెట్టినది మాత్రం కంటికి కనిపించేది కాదు.

మా మామయ్య, అంటే మా అమ్మకు అన్నయ్య, కొత్తగూడెంలో బొగ్గు గనుల కంపెనీ వర్క్‌షాపులో టైర్ల సెక్షన్లో పని చేశాడు. మనిషి నిలబడితే మునిగిపోయేంత టైర్లు ఉండేవి అక్కడ బొగ్గు మోసే డంపర్లకు; వాటి బోల్టులు బిగించడమే ఆయన ఉద్యోగం. చిన్నతనంలోనే ఆ పనికి పోవడంతో మాట కూడా పూర్తిగా అక్కడి మాటైపోయింది. మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ ఆయన మాటలు అనుకరించి నవ్వించేది, ఆయన నవ్వేవాడే గానీ మార్చుకునేవాడు కాదు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని పంచర్లు, టైర్ల పని పెట్టాడు. భద్రాచలం పోయే బండ్లలో సగం అక్కడ ఆగేవి. గాలి పట్టించుకోవడానికని ఆగేవాళ్లు, నిజానికి ఆయన చేత ఒకసారి చక్రం తట్టించుకుని పోతే ధైర్యం.

తట్టించుకోవడమంటే ఉత్తిమాట కాదు. ఆయన బోల్టులు వరసగా బిగించేవాడు కాదు, ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి బిగించేవాడు. పానా మీద కాలు పెట్టి ఎగిరి తొక్కేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. బోల్టు సంగతి కాలికేం తెలుస్తది, చేతికి తెలుస్తది అనేవాడు. అంతా అయ్యాక చిన్న సుత్తితో ఒక్కో బోల్టునూ కొట్టి, చెవి దగ్గరగా ఆనించి, ఆ మోత విని, తల ఊపేవాడు. తల ఊపితే ఇంక బండి కదలవచ్చు. ఆ తల ఊపు మీద నాకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేదో లేదో చెప్పలేను. అత్తయ్య అక్కడే షెడ్డులో నులకమంచం మీద కూర్చుని, ఆగిన డ్రైవర్లకు మజ్జిగ పోస్తూ, మీ మామయ్య బోల్టులకిచ్చిన చెవి నాకిస్తే నా మాటలన్నీ ఎప్పుడో వినేవాడని నాతో ఎగతాళి చేసేది.

ఇక దసరా సంగతి. మా నాన్న ఎడ్లబండి ఉన్నన్నాళ్లు దసరాకు చక్రాలు ఊడదీసి, కడిగి, ఎర్రటి జాజు రాసి, సున్నంతో బొట్లు పెట్టేవాడు. పైపైన పూస్తే ఒప్పుకునేవాడు కాదు. కనిపించని చోట కూడా రాయాలి, ఇరుసు వైపు కూడా రాయాలి, పండగ మనుషులు చూడటానికి కాదు కదా అనేవాడు. నేను ఆ పద్ధతే పికప్పుకు తెచ్చుకున్నాను. అందరూ రిమ్ముల బయటి వైపు ఒక చుట్టు రంగు వేసి వదిలేస్తే, నేను నాలుగు చక్రాలూ విప్పి, కడిగి, వెండి రంగు ఎనామిలు రిమ్ముకు లోపలా బయటా, డ్రమ్ము ముఖానికీ, బోల్టులు కూర్చునే గుంటలకు కూడా వేసేవాణ్ని. ఎప్పుడూ ఎడమ వెనక చక్రంతోనే మొదలు పెట్టేవాణ్ని, కొట్టం గడపకు అదే దగ్గర కాబట్టి. డబ్బా నిండుగా ఉన్నప్పుడు రంగు చిక్కగా పడేది, చివరి చక్రానికొచ్చేసరికి థిన్నరు కలిపి పల్చగా లాగించేవాణ్ని. ఏటా అలాగే, పాత రంగు మీద కొత్త రంగు. ఆరాక కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి బయటికి తీస్తే, ఊళ్లో వాళ్లు నిలబడి చూసేవాళ్లు.

రెండో ఏడో, మూడో ఏడో మొదలైంది ఆ తికమక. దసరా అయి వారం పది రోజులు తిరగకముందే ఎడమ వెనక చక్రం దగ్గర ఏదో కటకటమని. దిగి చూస్తే బోల్టులు వదులు. బిగిస్తాను, రెండు సంతలు తిరుగుతాను, మళ్లీ వదులు. అలా మూడు నాలుగు వారాలు ఏడిపించి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. మిరపకాయ బస్తాలు నిండుగా వేసుకుని మండుటెండలో పోతే ఒక్క బోల్టు కదిలేది కాదు. చలికాలం ఖాళీ బుట్టలతో వస్తుంటే వదులయ్యేది. బరువుకు వదులవ్వాలి గానీ ఖాళీకి వదులవడమేమిటో నా బుర్రకు ఎక్కేది కాదు. పండగకు ముందు బుద్ధిగా ఉండే బండి, పూజ చేశాకే ఎందుకు ఆగం పట్టిస్తోందో అంతకన్నా ఎక్కేది కాదు.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. డ్రమ్ము వంకర పోయిందని ఒకరు, బేరింగు అరిగిందని ఒకరు, రిమ్ము బోల్టు రంధ్రాలు వెడల్పయ్యాయని ఒకరు. దిష్టి తగిలిందని అమ్మ ఇంకో రెండు నిమ్మకాయలు పెంచింది. నాన్న నా జాతకం తీయించాడు. మామయ్య మాత్రం మాటలు పెట్టుకోకుండా పని చేశాడు. పాత బోల్టులన్నీ పీకి కొత్తవి వేశాడు, బేరింగు మార్చాడు, టైరు అటుదిటు ఇటుదటు వేసి చూశాడు. కొన్నాళ్లు బాగుండేది. బాగైందని ఇద్దరం సంబరపడేవాళ్లం. దసరా వచ్చేది, నేను ఇంకో పూత పూసేవాణ్ని, మళ్లీ మొదలు. ఒకసారి ఆ రంగేసిన చక్రం చూసి ఆయన "మంచిగేసినవ్ అల్లుడా, లోపల గూడ ఇడువలే" అని మెచ్చుకున్నాడు కూడా. అంత అనుభవమున్న మనిషికి తెలియలేదా అని మీరు అడగవచ్చు. కంపెనీలో పని ముక్కలు ముక్కలుగా ఉండేది. రిమ్ము ముఖం గీకి తుడిచేవాళ్లు వేరు, బిగించేవాళ్లు వేరు. ఆయన చేతికొచ్చేసరికి అక్కడ ఉత్త ఇనుమే ఉండేది, దాని గురించి ఆలోచించాల్సిన అవసరమే ఆయనకు ఎప్పుడూ పడలేదు.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక ఏడు దసరా అయిన రెండు వారాలకు ఒకరోజు పొద్దున్నే కొత్తగూడెం చేరాను. భద్రాచలం అవతల సంత ఉంది. అలవాటుగా మామయ్య షెడ్డు ముందు ఆగితే, ఆయన ఎడమ వెనక చక్రం విప్పి, చూసి, మళ్లీ ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, సుత్తితో కొట్టి, విని, తల ఊపాడు. అత్తయ్య అప్పటికే చీర మార్చుకుని సంచీతో సిద్ధంగా ఉంది. రాముడి దర్శనం చేసుకుని చాలా రోజులైందట. నేను పోయేటప్పుడు గుడి దగ్గర దింపి, సంత అయ్యాక వస్తూ ఎక్కించుకోవాలని వాళ్లిద్దరూ ముందే అనుకున్నారు. బయల్దేరుతుంటే మామయ్య కిటికీ దగ్గరకొచ్చి, యాభై కిలోమీటర్లు నడిచినంక ఒకసారి దిగి పానా పెట్టి చూసుకోమన్నాడు. అది ఆయన అందరికీ చెప్పే మాటే.

నేను చూసుకోలేదు. మర్చిపోయి కాదు. భద్రాచలంలో వంతెన దాటాక అత్తయ్యను దింపినప్పుడు గుర్తొచ్చింది, పానా సీటు కిందే ఉంది. కానీ పక్కన అత్తయ్య ఉండగా, మామయ్య బిగించి తల ఊపిన చక్రానికి నేను మళ్లీ పానా పెట్టడమంటే ఆయన పనిని అనుమానించినట్టు ఉంటుందనిపించింది. పెద్దవాళ్లు వడ్డించిన అన్నంలో ఉప్పు చాల్లేదని కలుపుకోవడానికి మనం ఎంత మొహమాటపడేవాళ్లమో మీకు తెలుసు. అది అలాంటి మొహమాటమే. ఆ తర్వాత సంతలో నేనొక్కణ్నే ఉన్నప్పుడు చూడవచ్చు కదా అంటే, అప్పటికి మనసు ఒకసారి వద్దనుకుంది కాబట్టి వద్దనే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం నాలుగు కావస్తోంది. ఖాళీ బుట్టలు వెనక దొర్లుతున్నాయి, అత్తయ్య ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని, గుడిలో రద్దీ గురించి చెబుతోంది. అడవి మధ్య దారి. ఎడమ పక్కన ఒక చక్రం మా బండిని దాటుకుంటూ, తారు అంచు మీద నుంచి ముందుకు ఉరుకుతూ పోయింది. మీరు నమ్మరు, నేను దాన్ని చూసి, ఎవరిదో చక్రం ఊడిందే అనుకున్నాను. అద్దంలో వెనక బండి కోసం వెతికాను. అత్తయ్య కూడా అటే చూసి, "అదేందిరా, గట్ల పోతాంది?" అంది. ఆమె మాట పూర్తవుతుండగా బండి వెనక ఎడమ పక్క కూలబడి, ఇనుము రోడ్డును గీకుతూ, నా చేతుల్లో స్టీరింగు నా మాట వినడం మానేసి, పల్లంలోకి దిగి గట్టుకు కొట్టుకుని ఆగింది. నాకు నుదురు చిట్లింది, అంతే. అత్తయ్యకు తుంటి ఎముక విరిగింది. ఆమె అరవలేదు. ప్రసాదం పొట్లం కింద పడిందా అని అడిగింది.

కొత్తగూడెం దవాఖానా వరండాలో మామయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అత్తయ్య తమ్ముడు ఇల్లెందు నుంచి అప్పుడే వచ్చి, ఎట్లా జరిగింది, ఎంత స్పీడులో ఉన్నావు, తాగి నడిపినవా అని నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. నేను తాగనని అందరికీ తెలుసు. అయినా ఆ ప్రశ్నకు నాకు భయం పుట్టింది. చక్రం ఊడిందని చెప్పాను. "ఎవడు బిగించిండు దాన్ని?" అన్నాడాయన. పొద్దున మామయ్యే బిగించాడని నేను అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజాన్ని నేను నా మీదికి రాకుండా అడ్డు పెట్టుకోవడానికి చెప్పాను. మధ్యలో చూసుకోమన్నాడని, నేను చూసుకోలేదని కూడా చెప్పి ఉండాల్సింది, ఆ సగం నోట్లోనే ఉంచుకున్నాను. మామయ్య రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ చూడటం నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు.

నెల తిరగకుండానే ఆయన షెడ్డు ఎత్తేశాడు. పానాలు, జాకీలు, ఆ చిన్న సుత్తితో సహా అడిగినవాళ్లకు ఇచ్చేశాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు, కానీ ఆయన ఆ రోజు బిగించిన బోల్టులను ఒక్కొక్కటే మనసులో మళ్లీ మళ్లీ బిగించి చూసుకుంటున్నాడని ముఖం చూస్తే తెలిసేది. గ్యాసు కట్టేశాక మూడుసార్లు లేచి పోయి చూసేవాడట. కుళాయి తిప్పి, ఇంకోసారి తిప్పి, వాళ్లమ్మాయిని, అంటే మా మరదల్ని, పిలిచి తిప్పి చూడమనేవాడట. తలుపు గొళ్లెం వేసి లాగి చూసి, తెల్లవారాక మళ్లీ అడిగేవాడట. అత్తయ్య లేచి నడవడానికి చాలాకాలం పట్టింది. నడిచినా ఎడమ కాలు ఈడుస్తూనే నడిచింది. పచ్చడి సీసా మూత బిగుసుకుంటే ఆమె కావాలనే ఆయన చేతికిచ్చేది, ఆయన దాన్ని తీసుకుని మాట్లాడకుండా మరదలి చేతిలో పెట్టేవాడు. ఇదంతా మరదలు చెబితే తెలిసింది. నేను వాళ్లింటికి పోవడం తగ్గించేశాను, పండక్కీ పబ్బానికీ కూడా ఏదో వంక పెట్టేవాణ్ని.

బండిని బాగు చేయించాను. మళ్లీ దసరాకు రంగు వేశాను, ఈసారి ఇంకా శ్రద్ధగా, ఇంకా మందంగా. జరిగినదానికి పరిహారంగా అన్నమాట. మళ్లీ వదులైంది. మామయ్య చెయ్యి పెట్టకపోయినా వదులైందంటే తప్పు ఆయనది కాదని అప్పుడే అర్థం కావాల్సింది. నాకు వేరేలా అర్థమైంది, ఆయన పాడు చేసింది ఇంకా బాగుపడలేదని. అంత తెలివి నాది. చివరికి విసిగి, దాన్ని మధిర వైపు ఒకాయనకు అమ్మేసి, ఎరువుల కొట్టు పెట్టుకున్నాను. ఏడాది తర్వాత ఆయన కనిపిస్తే చక్రం ఎలా ఉందని అడిగాను. ఏ చక్రం అన్నాడాయన. ఒక్కసారి కూడా వదులు కాలేదట. నా దగ్గరే ఎందుకు అలా చేసిందో తెలియక, ఆ బండి మన ఇంటికి అచ్చిరాలేదని అమ్మ అన్న మాటనే నేనూ పట్టుకుని ఊరుకున్నాను. ఆయన దసరాకు రంగులేమీ వేసే మనిషి కాదని నాకు తెలుసు, ఆ సంగతీ ఈ సంగతీ కలిపి చూసుకోవాలని మాత్రం తోచలేదు.

అదీ కథ. ఇప్పుడు బైపాసు మీది షాపుకు వద్దాం. మా అబ్బాయి కొత్త బండికి దసరాకు నేనే పాత పద్ధతిలో రంగు వేశాను. వాడు వద్దంటున్నా, చక్రం లోపల కూడా వేయాలిరా అని పాఠం చెప్పి మరీ వేశాను. ఆ ఫిట్టరుకు పాతికేళ్లుంటాయేమో. స్క్రూడ్రైవరు మొనతో రిమ్ము వెనక గీకితే వెండి రంగు ముద్దగా లేచొచ్చింది. దాన్ని నా కుర్చీ దగ్గరికి తెచ్చి చూపించి, మెల్లగా, పెద్దవాణ్నని మర్యాదగానే చెప్పాడు: "ఇనుముకు ఇనుము ఆనాలె సార్. నడుమ గింత రంగుంటే ఎంత గట్టిగ బిగించినా బండి ఉరికినంక అది నలిగిపోతది. నలిగినంత మేర బోల్టు వదులైతది. బిగించినోని తప్పేం లేదు."

చిక్కటి రంగు పడ్డ మొదటి చక్రమే ఎందుకు వదులయ్యేదో, పండగ తర్వాతే ఎందుకో, కొన్ని వారాలకు రంగంతా నలిగాక ఎందుకు ఊరుకునేదో, ఎండాకాలం బరువుకు ఎందుకు కదలలేదో, ఇరవై ఏళ్లు చిక్కుపడి ఉన్నదంతా ఆ కుర్చీలో కూర్చున్న చోటే విడిపోయింది. ఒక చిక్కు విడితే మనిషికి తేలిగ్గా ఉండాలి కదా. నేను మంచినీళ్లు అడిగాను. బిగించినోని తప్పేం లేదు అన్న మాట ఒక పరాయి కుర్రాడు ఎంత సులువుగా అనేశాడు. అదే మాట ఆ దవాఖానా వరండాలో నేను అనవలసింది, తెలిసినా తెలియకపోయినా.

మర్నాడే కొత్తగూడెం బస్సెక్కాను. మామయ్యకు ఎనభై దాటాయి, మరదలి ఇంట్లో ఉంటున్నాడు. అత్తయ్య పోయి నాలుగేళ్లవుతోంది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. చెబితే ఆయనకు మేలు చేస్తున్నానా, నా బరువు దించుకోవడానికి పోతున్నానా అన్నది నాకే తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. ఆయన వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది గానీ గొంతు గుర్తుపట్టి, అల్లుడొచ్చిండు, చాయ్ పెట్టు అని లోపలికి కేకేశాడు. నేను నిలబడే అంతా చెప్పాను. రంగు సంగతి చెప్పాను, నలగడం సంగతి చెప్పాను, యాభై కిలోమీటర్ల దగ్గర దిగి చూసుకోలేదని కూడా, అప్పుడు మింగేసిన ఆ సగం మాట కూడా చెప్పాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "రంగు నేను గూడ చూసిన గదరా. మంచిగేసినవ్ అన్న" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. మరదలు చాయ్ తెచ్చి, విషయమేమిటో సగం సగం విని, గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తయ్య ఎప్పుడైనా ఏమైనా అనేదా, మామయ్యదే తప్పని అనుకునేదా అని ఆమెను అడిగాను. అమ్మ ఆ రోజు గురించి ఒక్కనాడు కూడా నోరు విప్పలేదు బావా, అనుకున్నదో లేదో మాకెట్ల తెలుస్తది అంది. అప్పుడు మామయ్య, మాలో ఎవరితోనూ కాకుండా, వాకిలి వైపు చూస్తూ చెప్పాడు. "బజారుకు పోతే ఆమె ముందట నడిచేది, నేను ఎనక నడిచేటోన్ని. పక్కన నడుస్తే నా మొఖం చూస్తదని. ఆమె ఉన్నప్పుడు నువ్వు జెప్పి ఉంటే మంచిగుండేది రా." అంతే అన్నాడు. చాయ్ చల్లారుతోందని నన్ను తాగమన్నాడు.

తిరిగొస్తుంటే బస్సు కిటికీలోంచి రోడ్డు పక్కన టైర్ల షాపులే కనిపించాయి, అన్నీ అద్దాల గదులు, అన్నిట్లో యంత్రాలు. ఇప్పుడు ఎవరూ సుత్తితో కొట్టి చెవి పెట్టి వినడం లేదు. ఎంత బిగించాలో అంత బిగించగానే పానా దానంతట అదే టిక్కుమని ఆగిపోతోంది. ఒకరి తల ఊపు మీద ఇంకొకరు బండెడు ప్రాణాలు పెట్టుకుని పోవలసిన పని లేదు. మంచిదే, అది చెడ్డదని నేనెలా అంటాను. మొన్న పనంతా అయ్యాక ఆ ఫిట్టరు యంత్రంలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఏ చక్రం ఏ బోల్టు ఎంత గట్టిగా బిగించిందీ అంకెలు వేసి, కింద బిగించినవాడి సంతకం ఉంది. మా అబ్బాయి దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాత్రం అడిగి తీసుకుని రెండుసార్లు చదివాను. అలాంటి కాగితం ముక్క ఒక్కటి ఆ రోజుల్లో ఉండి ఉంటే, మా అత్తయ్య కాలు ఈడుస్తూనే ఉండేది గానీ, మా మామయ్య ఆమె పక్కన నడిచేవాడు.